సినిమాకు ఎన్ని, ఇచ్చిన చేతికి ఎన్ని: మా ఆషాఢం మార్కులు

ఫాంటమ్ థ్రెడ్‌కు 10కి 9. దాన్ని నాకిచ్చిన మా మేనకోడలికి 10కి 5. సినిమా అంత బాగుంటే ఇచ్చిన పిల్లకు అంత తక్కువేంటని ఇంట్లో ఇప్పటికీ పంచాయితీ నడుస్తోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

హనుమకొండ నయీంనగర్‌లో నాది చిన్న లేడీస్ టైలరింగ్ షాపు. ఆషాఢం వస్తే పెళ్లిళ్లుండవు, జాకెట్ల మూట పలచబడుతుంది. శ్రావణం మొదలైందంటే తల ఎత్తే తీరిక దొరకదు, ఆ వెంటనే బతుకమ్మ, దసరా. అందుకే మా ఆట ఆషాఢంలోనే ఆడతాం. ఐదుగురం: నేను, ఇంజనీరింగ్ చదివే మేనకోడలు, వడ్డేపల్లి నుంచి వచ్చే రిటైర్డ్ తెలుగు టీచరమ్మ, కాజీపేటలో రైలు నడిపే అన్న, పక్కన జిరాక్స్ షాపు పిల్లగాడు. వారం వారం చీటీలు వేస్తాం. నీ చీటీలో ఎవరి పేరుంటే వాళ్లకు నువ్వు ఒక సినిమా ఇవ్వాలి. ఒకసారి ఇచ్చినవాళ్లకే మళ్లీ ఇవ్వకూడదు. ఇచ్చేటప్పుడు కథ చెప్పకూడదు. తీసుకున్నవాళ్లు పేర్లు పడేదాకా చూడాలి. చూశాక "బాగుంది", "బాలేదు" అని తప్పించుకుంటే చెల్లదు. ఎక్కడ బాగుంది, ఎందుకు బాలేదు, అది చెప్పాలి. ఆఖరున రెండు మార్కులు వేయాలి, సినిమాకు ఒకటి, ఇచ్చినవాళ్లకు ఒకటి.

ఈ రెండో మార్కు పెట్టాలన్నది టీచరమ్మ. ఆమె 10వ తరగతి పేపర్లు దిద్దిన మనిషి, మార్కుల్లేకుండా ఏ పనీ ముగిసినట్టు అనిపించదు ఆమెకు. కానీ ఆట రుచంతా ఆ రెండో మార్కులోనే ఉంది.

మేనకోడలు లాప్‌టాప్ తెచ్చి కటింగ్ టేబుల్ మీద పెట్టి, "అత్తమ్మా, ఇది నీ సినిమా, టైలర్ సినిమా" అంది. నాకు అక్కడే కొంచెం కలుక్కుమంది. డాక్టరుకు ఎవరైనా ఆస్పత్రి సినిమా ఇస్తారా? రోజంతా టేపు మెడలో వేసుకుని తిరిగేదాన్ని, సాయంత్రం కూడా టేపే చూడాలా?

చూశాను. పాల్ థామస్ ఆండర్సన్ తీసిన 2017 నాటి సినిమా, 2 గంటల 10 నిమిషాలు. కథ 1950ల లండన్‌లో. రెనాల్డ్స్ వుడ్‌కాక్ అనే పెద్ద డ్రెస్ మేకర్, రాజకుటుంబాల ఆడవాళ్లు ఆయన గుమ్మం ముందు దిగుతుంటారు. ఇంటి పెత్తనం, లెక్కలు తోబుట్టువు సిరిల్ చేతిలో ఉంటాయి. ఆయన సముద్రం ఒడ్డు ఊళ్లో హోటల్లో టిఫిన్ అందించే ఆల్మా అనే అమ్మాయిని చూసి ఇంటికి తీసుకొస్తాడు. అక్కడినుంచి ఈ మూడు ప్రాణాల మధ్య ఎవరి మాట చెల్లాలన్నదే సినిమా. పైకి ప్రేమకథలా కనబడుతుంది గానీ, అత్తగారింట్లో కొత్త కోడలు నిలదొక్కుకునే కథ చూసినట్టే అనిపించింది నాకు.

కొలతలు తీసే సీను ఒకటుంది. దానికోసం సినిమా మొత్తం మళ్లీ చూడమన్నా చూస్తాను. ఆయన ఆల్మాను నిలబెట్టి టేపు పెడుతూ అంకెలు పైకి చెబుతుంటాడు, సిరిల్ కూర్చుని పుస్తకంలో రాస్తుంటుంది. ఆ పిల్ల ముఖం చూడండి. మొదట సిగ్గు, తర్వాత అవమానం, ఆ తర్వాత ఏదో మొండితనం. ఆయన ఆమె ఛాతీ గురించి ఒక మాట అంటాడు, పొగిడాడో తిట్టాడో తెలియదు. మా షాపులో నేను ఏ ఆడపిల్ల కొలతా పైకి చదవను. పక్కన ఇంకో కస్టమర్ కూర్చుని ఉంటే అసలే చదవను. టేపు పెట్టి, చూసి, నేనే రాసుకుంటాను. పిల్లలకు ఆ అంకెలు ఎంత బరువో నాకు తెలుసు. ఆ సీను రాసినవాడికీ తెలుసు. కొలత తీసుకోవడం అంటే ఒక మనిషి మీద అధికారం తీసుకోవడం అని ఒక్క మాట లేకుండా చెప్పాడు.

ఇంకోటి, ఆయన కోటు లోపలి గుడ్డలో వాళ్లమ్మ జుట్టు పాయ పెట్టి కుట్టుకుని తిరుగుతుంటాడు. బట్ట లోపల ఏదైనా దాచవచ్చంటాడు. మా దగ్గర ఈ పని మామూలే. మేడారం జాతర వచ్చే ఏడాదైతే ముందునుంచే ఆడవాళ్లు లంగాలు పట్టుకొస్తారు, లోపల డబ్బుల జేబు కుట్టమని. జనంలో కొంగున కట్టుకున్నది నిలవదు. ఆ జేబు ఎక్కడ కుట్టానో వాళ్లకూ నాకూ తప్ప ఇంట్లో మొగుడికి కూడా తెలియదు. సినిమాలో ఒక రాజకుమారి పెళ్లి గౌను లోపల ఆయన చిన్న అక్షరాలు కుట్టి దాస్తాడు. ఆల్మా దాన్ని కనిపెట్టి ఏం చేసిందో మీరే చూడండి. మేనకోడలు అక్కడ "ఎందుకలా చేసింది అత్తమ్మా?" అని అడిగింది. నేను హుక్కులు కుడుతూ జవాబు చెప్పలేదు. ఆటలో సినిమా నడుస్తుండగా మాట్లాడితే మార్కు కోత.

ఆ పెళ్లి గౌనుకే రాత్రికి రాత్రి ఒక ఆపద వస్తుంది. తెల్లారేసరికి గౌను సిద్ధం కావాలి. తెల్లకోట్లు వేసుకున్న ఆడవాళ్లు చుట్టూ చేరి చినిగినచోట విప్పి, మరకైనచోట మార్చి, రాత్రంతా కుడతారు. ఒక్కరు కేక పెట్టరు, ఒక్కరు ఏడవరు. ఎంగిలిపూల బతుకమ్మ ముందురోజు రాత్రి నా షాపులో కూడా ఇలాగే ఉంటుంది. తెల్లారితే వేయిస్తంభాల గుడి ముందు ఆడాలి, చీర మీద జాకెట్ లేకపోతే ఆ పిల్ల గుమ్మం దాటదు. అప్పుడు షాపులో మాటలుండవు, మిషన్ చప్పుడే ఉంటుంది. సినిమాల్లో పని చేస్తున్నట్టు నటించేవాళ్లను చాలామందిని చూశాను. వీళ్ల చేతులు నటించట్లేదని అర్థమై తర్వాత వెతికితే, కుట్టేవాళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు ఇద్దరు నిజంగానే ఆ వృత్తిలో బతికి రిటైరైనవాళ్లట. హీరో డేనియల్ డే లూయిస్ కూడా న్యూయార్క్ సిటీ బ్యాలేలో కాస్ట్యూమ్ విభాగం చూసే ఆయన దగ్గర దాదాపు ఏడాది పని నేర్చుకున్నాడట. బాలెన్సియాగా అనే పాతకాలపు పెద్ద డిజైనర్ డ్రెస్సు ఒకటి చూసి తనే తయారుచేశాడట. నమ్ముతాను. గుండుసూది పట్టుకునే తీరులోనే తెలిసిపోతుంది. ఈ సినిమాకు వచ్చిన ఆస్కార్ కూడా బట్టలకే, మార్క్ బ్రిడ్జెస్ అనే కాస్ట్యూమ్ డిజైనర్‌కు.

నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన సీను వేరే ఉంది. ఒక డబ్బున్నావిడ ఆయన కుట్టిన డ్రెస్సు వేసుకుని తాగి, బల్ల మీద వాలిపోతుంది. ఆయనా ఆల్మా వెళ్లి ఆమె ఒంటిమీదినుంచి ఆ డ్రెస్సు ఒలుచుకొచ్చేస్తారు! కుట్టిన బట్టను గౌరవించనివాళ్ల దగ్గర వదలకూడదని. నేను కుర్చీలోంచి లేచాను. పోయిన దసరాకు ఒకావిడ నేను ప్రాణం పెట్టి కుట్టిన మగ్గం వర్క్ జాకెట్‌ను మడత కూడా పెట్టకుండా ఉండచుట్టి సంచిలో కుక్కుకుంది, నా కళ్ల ముందే. ఆ రోజు నాకు ఈ సినిమా తెలియదు.

మరి 10 ఎందుకు వేయలేదంటే, కెమెరా ఎంతసేపూ ఆయన ముఖం దగ్గరే ఉంటుంది. ఆయన పొద్దున టిఫిన్ దగ్గర చప్పుడు వినలేడు. రొట్టెకు వెన్న రాసే శబ్దానికే ఆయన రోజంతా పాడైపోతుంది. ఇంతమంది ఆడవాళ్లు కుట్టే ఇంట్లో ఒక మగమనిషికి చప్పుడు పడదట. రాత్రంతా కుట్టిన ఆ ఆడవాళ్లు తెల్లారి ఇంటికెళ్లి ఏం వండుకున్నారు, జీతమెంత, ఇవేవీ లేవు. ఇంకా చెప్పాలంటే, అన్ని డ్రెస్సులు కుట్టించుకున్నవాళ్లలో ఒక్కరు కూడా రేటు తగ్గించమనలేదు. అది మటుకు నేను నమ్మను. రెండో సగంలో వంటింట్లో జరిగే పని గురించి ఏమీ చెప్పను. మా టీచరమ్మకు అది అసలు నచ్చలేదు, నాకు నచ్చింది.

ఇప్పుడు మేనకోడలి 5. ఆమె సినిమాను ఎంచింది నా వృత్తిని చూసి. "టైలర్ సినిమాలు" అని ఫోన్‌లో కొట్టి, పైన వచ్చినదాన్ని తెచ్చిందని నా అనుమానం. ఆమె అంతకుముందు దాన్ని పూర్తిగా చూడలేదు కూడా, నాతోపాటే మొదటిసారి చూసింది. అంటే ఆ సినిమాలో ఆమెది ఏమీ లేదు. నా కొలతలకు సరిపోతుందని తెచ్చిన రెడీమేడ్ అది. అదృష్టం కొద్దీ బాగా సరిపోయింది, అందుకని సగం మార్కులు.

పూర్తి మార్కులు ఎవరికిచ్చానంటే కాజీపేట అన్నకు. సినిమా మాత్రం అంత గొప్పదేమీ కాదు.

ఆయన భార్య నా దగ్గర జాకెట్లు కుట్టిస్తుంది, అలా పరిచయం. ఢిల్లీ వైపు, సికింద్రాబాద్ వైపు, విజయవాడ వైపు లైన్లు కలిసే జంక్షన్ కదా కాజీపేట, ఆయన ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో ఇంట్లోవాళ్లకే తెలియదు. డ్యూటీ దిగి వచ్చి, జాకెట్లు తీసుకెళ్తూ, "చెల్లె, అన్‌స్టాపబుల్ చూడు. పాటల్లేవ్, ప్రేమల్లేవ్. బండి ఒక్కటే" అని చెప్పి వెళ్లిపోయాడు.

2010లో టోనీ స్కాట్ తీశాడు. డెంజల్ వాషింగ్టన్, క్రిస్ పైన్ హీరోలు. హిందీ డబ్బింగ్‌లో చూశాను. గంటన్నర చిల్లర. యార్డులో ఒక డ్రైవర్ మెల్లగా కదులుతున్న గూడ్సు బండి దిగి, ముందు బండిని వేరే పట్టాల మీదికి మళ్లించే పాయింటు మార్చి మళ్లీ ఎక్కుదామనుకుంటాడు. ఎక్కలేకపోతాడు. బండిలో ప్రమాదకరమైన రసాయనాలు, ముందు ఊళ్లు, ఒక చోట ప్రమాదమైన వంపు. ఇంకో ఇంజన్‌లో ఉన్న ముసలి డ్రైవరూ కుర్ర కండక్టరూ దాన్ని వెనకనుంచి వెంటాడి, తమ ఇంజన్ తగిలించి ఆపాలని చూస్తారు. అంతే కథ. నా మార్కు 6. భార్యతో గొడవ, కూతుళ్లతో గొడవ అని మధ్యమధ్యలో అతికించిన కుటుంబం ముక్కలు రైలు పరుగుకు అడ్డం. పైన హెలికాప్టర్లు తిరుగుతూ టీవీవాళ్లు జరిగిందంతా మళ్లీ మనకు చెబుతుంటారు. చూస్తున్నాం కదా నాయనా అనిపించింది.

అసలు సినిమా ఆ తర్వాత మొదలైంది, అన్న నా షాపు స్టూలు మీద కూర్చున్నాక. "మన దగ్గర ఇట్లయితదా అన్నా?" అని అడిగాను. అంతే, అరగంట. మన ఇంజన్లలో ఒక పరికరం ఉంటుందట, డ్రైవర్ ఒక నిమిషం పాటు ఏ హ్యాండిలూ ముట్టకపోతే లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది, అప్పటికీ పలక్కపోతే బ్రేకులు వాటంతటవే పడిపోతాయి. కునుకు తీయడానికి లేదు. తర్వాత బ్రేకుల సంగతి. నేను ఇన్నేళ్లూ గాలి కొడితే బ్రేకు పడుతుందనుకున్నాను. కాదట, తిరకాసు. బండి పొడుగునా పైపులో 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉంటే బ్రేకులు వదులుతాయి, గాలి పోతే పడతాయి. బండి మధ్యలో తెగినా గాలి పోతుంది కాబట్టి రెండు ముక్కలూ ఆగిపోతాయి. మరి సినిమాలో ఎందుకు ఆగలేదు? యార్డులో అటూ ఇటూ జరిపేటప్పుడు వ్యాగన్ల పైపులు ఇంజన్‌కు కలపలేదు, బ్రేకులు ముందే విడిపించి ఉంచారు. అప్పుడు ఇంజన్ బ్రేకు ఒక్కటే దిక్కు. సినిమా మొదట్లో ఒక్క మాటలో ఆ సంగతి చెప్పేసి పోతారు, నాకు అప్పుడు పట్టలేదు. అన్నకు ఆ ఒక్క మాట దగ్గరే చెమట పట్టిందట.

ఇది ఊరికే పుట్టించిన కథ కూడా కాదు. 2001 మే 15న అమెరికాలోని ఒహాయోలో 47 వ్యాగన్ల గూడ్సు ఇలాగే డ్రైవర్ లేకుండా రెండు గంటల లోపు దాదాపు 106 కిలోమీటర్లు పోయింది. వెనకనుంచి ఇంజన్ తగిలించి నెమ్మదింపజేస్తే, ఒకాయన పరుగెత్తి ఎక్కి ఆపాడు. అందరూ బతికారు. సినిమావాళ్లు దానికి నిప్పూ పొగా కలిపారు.

డెంజల్ పాత్రకు 28 ఏళ్ల సర్వీసు, కంపెనీ ఇంటికి పొమ్మని కాగితం చేతిలో పెట్టింది. అయినా వెంటాడతాడు. అన్నకు కూడా రిటైర్మెంట్ దగ్గరపడింది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, వాళ్లావిడ పోయిన నెల చెప్పింది. ఆ సీన్ల గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు, బ్రేకుల గురించి మాత్రమే మాట్లాడాడు. నేనూ అడగలేదు. 10కి 10 వేశాను. ఆయన నాకేది సరిపోతుందని ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండడు, తనకు ప్రాణమైనదాన్ని తెచ్చి చేతిలో పెట్టాడు. నాకేం నచ్చుతుందో నాకు తెలుసు, దాన్ని నేనే వెతుక్కుంటాను. లోకో పైలట్‌కు ఏం నచ్చుతుందో నాకెవరు చూపిస్తారు?

మేనకోడలు దీన్ని ఒప్పుకోదు. "అట్లయితే ఎవరికి నచ్చింది వాళ్లు అందరికీ అంటగట్టుడే కదా అత్తమ్మా" అంటుంది. అంటగట్టడం వేరు. అంటగట్టేవాళ్లు నువ్వు చూశాక పొగిడేదాకా వదలరు. అన్నకు నేను 6 వేశానని చెబితే నవ్వి, "గంత తక్వనా" అని, జాకెట్ల డబ్బులిచ్చి పోయాడు.

జిరాక్స్ షాపు పిల్లగాడిది చిన్న సంగతి, త్వరగా ముగిస్తాను. చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ ఇచ్చాడు. ఇరాన్ సినిమా, 1997, మజీద్ మజీదీ తీసింది. విదేశీ సినిమాల విభాగంలో ఆస్కార్‌కు నామినేట్ అయిన మొదటి ఇరాన్ సినిమా ఇదే. మొదటి సీనులోనే నన్ను పట్టేసింది. పేర్లు పడుతుండగా తెర మీద చెప్పులు కుట్టే ఆయన చేతులు, చిన్న గులాబీ రంగు బూటు. సూది దిగడం, దారం లాగడం, ముడి వేయడం, అంతా తొందర లేకుండా చూపించాడు. ఆ బూట్లే పోతాయి. చెల్లి బూట్లు పోగొట్టిన అన్న, ఇంట్లో చెబితే నాన్న దగ్గర డబ్బుల్లేవని తెలిసి, తన బూట్లే చెల్లితో పంచుకుంటాడు. పొద్దున బడికి చెల్లి, మధ్యాహ్నం బడికి అన్న. మధ్యలో సందుల్లో పరుగు. పిల్లల కళ్లలో నీళ్లు తిరిగితే మనకూ తిరుగుతాయి, కానీ ఎక్కడా ఏడవమని మెడ పట్టుకోడు. 9 మార్కులు.

పిల్లగాడికి 2. "అక్కా, లాస్టుల పరుగు పందెం ఉంటది సూడు, గండ్ల..." అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. నేను చెవులు మూసుకున్నా ఆగలేదు. నియమం అంటే నియమం. ఆ పందెం చూస్తున్నంతసేపూ వీడి గొంతే వినబడింది. సినిమా పేరు చీటీ మీద రాసి ఇవ్వాలి, నోరు తెరవకూడదని వాడికి ప్రత్యేకంగా ఇంకో నియమం పెట్టాం.

టీచరమ్మ ఇచ్చింది దాసి. ఇచ్చేటప్పుడు ఆమె అన్నది ఒక్కటే: "మధ్యాహ్నం చూడు బిడ్డా, రాత్రి వద్దు."

1988లో బి. నర్సింగరావు తీసిన సినిమా. నిజాం కాలపు గడి, అంటే దొర ఉండే కోట లాంటి ఇల్లు. దొరసాని పెళ్లయి వచ్చేటప్పుడు చీరలతో, సొమ్ములతో పాటు పుట్టింటివాళ్లు పంపిన మనిషి కమలాక్షి. అలా కట్నంతో పాటు పంపే ఆడపిల్లలను ఆడబాపలు అనేవారు మన దగ్గర. నీళ్లు మోయాలి, ఊడ్వాలి, దొరసాని కాళ్లు పట్టాలి, రాత్రి దొర పిలిస్తే పోవాలి, దొర ఇంటికొచ్చిన చుట్టం పిలిచినా పోవాలి. దొరసానికి పిల్లల్లేరు. దాసికి కడుపొచ్చింది. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించగలరు. ఊహించినా చూడటం తేలిక కాదు.

అర్చన వేసింది కమలాక్షి వేషం. అంతకుముందు ఏడాది తమిళంలో 'వీడు' అనే సినిమాకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తీసుకుంది, వెంటనే దీనికి మళ్లీ. ఆమెకు మాటలు చాలా తక్కువ. నడుము వంచి ఊడ్చేటప్పుడు, బిందె దించేటప్పుడు ఆ ఒళ్లు మాట్లాడుతుంది. పనిమనిషి వేషం వేసే హీరోయిన్లను చూశాం, వాళ్లు చీపురు పట్టుకుంటే కొత్తగా కొన్నట్టుంటుంది. ఈమె పట్టుకుంటే చిన్నప్పటినుంచీ పట్టుకున్నట్టుంది.

మొత్తం 5 జాతీయ అవార్డులు వచ్చాయి, అందులో ఒకటి బట్టలకు. ఇందులో బట్టల అవార్డా అని ఎవరైనా ఆశ్చర్యపోవచ్చు, మెరిసేది దొరసాని ఒంటిమీద తప్ప ఎక్కడా లేదు కదా అని. నేను ఆశ్చర్యపోలేదు. కొత్త గుడ్డను పాత గుడ్డలా చూపించడం ఎంత కష్టమో నన్నడగండి. రంగు వెలిస్తే సరిపోదు, భుజం దగ్గర వెలిసిన తీరు వేరు, కొంగు దగ్గర వేరు, కూర్చునేచోట వేరు. నాటకాలకు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే కాలేజీ పిల్లలు "ముసలమ్మ చీర కావాలి" అంటారు, టీ నీళ్లలో ముంచి తెస్తారు. అది పాత చీర కాదు, టీ పడ్డ చీర. దాసిలో కమలాక్షి చీర ఆమె ఒంటిమీదే పాతబడినట్టుంది.

కళా దర్శకత్వం తోట వైకుంఠానిది, దానికీ అవార్డు. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు. పెద్ద బొట్టు, పసుపు పూసిన ముఖం, ఎర్రటి చీరలు, ఆయన బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్లు ఎంత నిండుగా ఉంటారో మీరు క్యాలెండర్ల మీదైనా చూసే ఉంటారు. అదే మనిషి ఈ గడిలో రంగులన్నీ అణిచిపెట్టేశాడు. కెమెరా ఎ.కె. బీర్. వాకిట్లో ఎండ ఉంటుంది, లోపల గదుల్లో చీకటి, ఆమె ఎండలోంచి చీకట్లోకి, చీకట్లోంచి ఎండలోకి తిరుగుతూనే ఉంటుంది. నేను ఫోన్‌లో చూశాను, ప్రింటు మసకగా ఉంది, చీకటి సీన్లలో కొన్ని ముఖాలు దొరకలేదు. ఇలాంటి సినిమాను శుభ్రం చేసి పెద్ద తెర మీద మళ్లీ వేయాలి. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ లాంటివాళ్లు పూర్వం మన జిల్లాల్లో మంచి సినిమాలు తెచ్చి చూపించేవారని టీచరమ్మ చెబుతుంది. ఆమె వయసులో ఉన్నప్పుడు సినిమాలు అలా చూసిందట.

నిదానంగా నడుస్తుందని మా జిరాక్స్ పిల్లగాడు గింజుకున్నాడు, వాడికీ ఒకసారి ఇది పడింది లెండి. నిదానమే దాని పద్ధతి. అదే పని, అదే వాకిలి, అదే పిలుపు, మళ్లీ మళ్లీ చూపిస్తాడు, మనకు విసుగు రావాలనే. మనకు గంటన్నరకే విసుగొస్తే ఆమెకు బతుకంతా. ఒక్క అభ్యంతరం ఏంటంటే, దొరసాని మనసులో ఏముందో ఇంకొంచెం తెలిస్తే బాగుండేది. ఆమెకూ ఆ గడిలోనుంచి బయటికి దారి లేదు. అక్కడక్కడ ఆ జాడ కనబడి మళ్లీ మాయమైంది. 10కి 9.

చూసిన మర్నాడు టీచరమ్మ వచ్చింది, ఫాల్ కుట్టించుకునే వంక పెట్టుకుని. వాళ్ల అమ్మమ్మది పాలకుర్తి దగ్గరి ఊరట, విసునూరు గడి పేరు వింటేనే ఆమె మాట ఆపేసేదట. విసునూరు దేశ్‌ముఖ్ మీద చాకలి ఐలమ్మ చేసిన భూమి పోరాటం మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ అమ్మమ్మ చదువుకోలేదు, చూసింది. "ఏం చూసిందో ఎప్పుడూ చెప్పలేదు. సినిమా చూసినంక నేనే అర్థం చేసుకున్న" అంది టీచరమ్మ. ఆమెకు 9 వేశాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందని అడిగింది. మధ్యాహ్నం చూడమని చెప్పారు కదా టీచర్, దాంతో బాధ ఉంటుందని ముందే తెలిసిపోయింది అన్నాను. పేపర్ దిద్దేవాళ్లకు పేపర్ దిద్దితే ఎలా ఉంటుందో ఆమె ముఖంలో కనబడింది.

నేను ఇచ్చిన వాటిలో మల్లేశం ఒక్కదాని గురించే చెబుతాను, మేనకోడలికి ఇచ్చాను కాబట్టి, పంచాయితీ మిగిలిందీ దాని దగ్గరే కాబట్టి. 2019లో రాజ్ ఆర్ తీశాడు, ప్రియదర్శి హీరో, తల్లిగా ఝాన్సీ. చింతకింది మల్లేశం నిజం మనిషి, 2017లో పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి చీరకు రంగు వేయకముందు నూలును మేకుల చుట్టూ వరసగా పోసుకోవాలి, దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఇది ఆడవాళ్ల పని. భుజాలు పడిపోయేవి. 6వ తరగతితో చదువాపేసిన కొడుకు తల్లి నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి, తిట్లు తిని, అప్పులపాలై, ఆసు మిషన్ తయారుచేసి తల్లి పేరు పెట్టాడు.

మా నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. ఇంట్లో మగ్గం చప్పుడు ఆగితే మేం నిద్రలేచేవాళ్లం. నాకు ఈ సినిమాలో ఝాన్సీ భుజం పట్టుకునే సీను చాలు. నాకు ప్రాణమైనదాన్నే ఇచ్చాను మరి, నేను అందరికీ చెప్పే పద్ధతి అదే కదా.

మేనకోడలు సినిమాకు 8 వేసింది. పాటలు తగ్గించి, మిషన్ లోపల ఏ పార్టు ఏం చేస్తుందో ఇంకా చూపించాల్సిందట, అతను ఎక్కడ ఆగిపోయాడో, ఏం మారిస్తే ముందుకెళ్లిందో ఇంజనీరింగ్ చదివేదానిగా ఆమెకు అది కావాలట. న్యాయమైన మాటే, ఒప్పుకున్నాను. నాకు మాత్రం 4 వేసింది. కారణం అడిగితే, "తాతయ్య గురించి నాకు ఇంతకుముందు ఒక్కసారి కూడా చెప్పలేదు నువ్వు. సినిమా ఇచ్చి ఊరుకున్నవ్. కాజీపేట పెదనాన్న అరగంట కూర్చుని చెప్పిండు కదా" అంది. సినిమా తర్వాత మాట్లాడటం నియమాల్లో లేదన్నాను. అయితే నియమం పెట్టమంది. టీచరమ్మ ఆమె వైపే మొగ్గింది. కొత్త నియమం వచ్చింది: మార్కులు వేశాక ఇచ్చినవాళ్లు స్టూలు మీద కూర్చుని, ఎందుకిచ్చారో చెప్పాలి. టీ ఖర్చు ఇచ్చినవాళ్లదే.

ఈ ఆషాఢానికి ఆఖరి చీటీలో నాకు కాజీపేట అన్న పేరు వచ్చింది. 'మెయిల్' అనే సినిమా ఇస్తున్నాను, 2021లో ఉదయ్ గుర్రాల తీసింది. ప్రియదర్శి ఇందులోనూ ఉన్నాడు. కథ జరిగేది మహబూబాబాద్ జిల్లా కంబాలపల్లిలో, ఊళ్లోకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజుల్లో. హనుమకొండలో మొదటిసారి కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లినప్పుడు చెప్పులు బయట విప్పించి, ఏసీ గదిలో కూర్చోబెడితే నేను కీబోర్డు ముట్టుకోవడానికి చెయ్యి తుడుచుకున్నాను. అన్నకు అంతకుమించి ఏమీ చెప్పదలచుకోలేదు. ఆయన ఇప్పుడు బల్లార్షా వైపు డ్యూటీలో ఉన్నాడు, చీటీ వాళ్లావిడ జాకెట్ల సంచిలో పెట్టి పంపాను.